గన్నవరానికి గంట... గాల్లో ఎంత?

శంషాబాద్ నుంచి గన్నవరం విమానాశ్రయానికి తిన్నగా గీత గీస్తే సుమారు 265 కిలోమీటర్లు. జెట్ విమానం గంటకు 800 కిలోమీటర్లు పోతుంది కదా, ఇరవై నిమిషాల్లో దించేయొద్దూ? టికెట్టు మీద చూస్తే గంటకు అటూ ఇటూ! ఆ గంట గాల్లో ఎగిరే సమయం కాదు. ఇక్కడి గేటు దగ్గర విమానం కదిలినప్పటి నుంచి అక్కడ వచ్చి ఆగేదాకా లెక్క. రన్‌వే దాకా నెమ్మదిగా పాకడం, ముందున్న విమానాల వెనక వరసలో ఆగడం అన్నీ అందులోవే. పైగా దగ్గరి ఊళ్లకు తిరిగే ఏటీఆర్ లాంటి ప్రొపెల్లర్ విమానాల వేగం 500 కిలోమీటర్ల చిల్లరే.

శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉంటాయి. విమానాలు వీలైనంతవరకు గాలికి ఎదురుగానే లేస్తాయి. అందుకే నైరుతి రుతుపవనాల రోజుల్లో పడమటి గాలి కొడుతుంటే, తూర్పున ఉన్న విశాఖకు పోవాల్సిన విమానం కూడా పరిగి వైపు మొహం పెట్టి లేచి, ఆ తర్వాత వెనక్కి తిరుగుతుంది. ‘హైదరాబాద్–విశాఖ 510 కిలోమీటర్లు’ అనే లెక్కలో ఈ చుట్టు ఉండదు.

ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎయిరిండియా మొదట్లో అట్లాంటిక్ మీదుగా వెళ్లేది. దూరం సుమారు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో తూర్పుకు తిరిగి పసిఫిక్ మీదుగా వెళ్లింది. దూరం 15,300కి పెరిగింది, సమయం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గింది! పైన పడమర నుంచి తూర్పుకు వీచే గాలులు వెనక నుంచి తోయడమే కారణం.

2020 ఫిబ్రవరిలో ఈ గాలులే తుపానుతో కలిసి విజృంభించాయి. న్యూయార్క్‌లో లేచిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం 4 గంటల 56 నిమిషాల్లో లండన్‌లో దిగింది. ధ్వనిని మించిన వేగంతో పోయే కాంకార్డ్ 1996లో ఇదే దారిని మూడు గంటల లోపే ముగించిందనుకోండి, దాని సంగతి వేరు.

గాలి ఒక్కటే కాదు, రాజకీయాలూ దారి మారుస్తాయి. 2022లో యూరప్ విమానాలకు రష్యా గగనతలం మూతపడటంతో హెల్సింకి నుంచి టోక్యోకు తొమ్మిదిన్నర గంటల ప్రయాణం పదమూడుకు పెరిగింది.

ఇక దూరం మరీ తక్కువైతే? స్కాట్లండ్‌లో వెస్ట్‌రే, పాపా వెస్ట్‌రే దీవుల మధ్య విమాన దూరం 2.7 కిలోమీటర్లే. టైమ్‌టేబుల్లో రెండు నిమిషాలు. గాలి కలిసొచ్చిన రోజున 53 సెకన్లలో దించిన రికార్డుంది. బెల్టు పెట్టుకోవడానికే అంత పడుతుంది మనకు!

గడియారాలతోనూ ఒక చిక్కుంది. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక. అక్కడ రాత్రి 10కి బయల్దేరిన విమానం మూడున్నర గంటలు ఎగిరితే, ఇక్కడ దిగేసరికి తెల్లవారుజామున 3. టికెట్టు మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే. కొడుకును తీసుకెళ్లడానికి కరీంనగర్ నుంచి కారు మాట్లాడుకుని వచ్చినవాళ్లు ఒంటిగంటన్నర నుంచే పడిగాపులు పడేది ఈ గంటన్నర కలపడం మరిచిపోయే.