సముద్రపు తేళ్లు: పెద్ద డెక్కలున్నవన్నీ భీకర వేటగాళ్లేనా?

జర్మనీలోని విల్వెరాత్ సమీపంలో దొరికిన ఒక శిలాజ డెక్క పొడవు 46 సెంటీమీటర్లు. దాని ఆధారంగా ఆ జీవి సుమారు రెండున్నర మీటర్ల పొడవు ఉండేదని శాస్త్రవేత్తలు 2007లో అంచనా వేశారు. దాని పేరు యేకెలోప్టెరస్. ఇటువంటి యూరిప్టెరిడ్లనే వాడుకలో సముద్రపు తేళ్లు అంటారు. వీటిలో కొన్ని నదీముఖాల్లోనూ, మంచినీటిలోనూ జీవించేవి.

పట్టకారు వంటి డెక్కలతో ఇవి ఎరను ఒడిసిపట్టేవి. కాళ్ల మొదళ్లలోని పళ్లవంటి అంచులతో దానిని నలిపి నోటిలోకి నెట్టేవి. అయితే డెక్క పెద్దదైనంత మాత్రాన వేట ఒకే తీరుగా సాగలేదు.

బలహీనమైన పట్టు, మసక చూపు

న్యూయార్క్ రాష్ట్రంలో శిలాజాలు లభించిన అక్యూటిరామస్ డెక్కను 2010లో పరిశీలించారు. అది 5 న్యూటన్లకు, అంటే దాదాపు అరకిలో బరువుకు, మించిన బలాన్ని తట్టుకోలేదని తేలింది. నేటి హార్స్‌షూ క్రాబ్ పెంకును ఛేదించాలంటేనే కనీసం 8 న్యూటన్లు అవసరం. దాని కంటి చూపు కూడా అంత నిశితమైనది కాదని 2014లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వెల్లడించారు. కనుక అది మసక వెలుతురులో మెత్తని శరీరం గల జీవులను పట్టి తినేదని భావిస్తున్నారు.

అదే కుటుంబానికి చెందిన యేకెలోప్టెరస్ తీరు వేరు. దానికి దృఢమైన డెక్కలు, నిశితమైన చూపు ఉండేవని 2015 నాటి అధ్యయనం తెలిపింది. అది ఎరను వెంటాడి పట్టే చురుకైన వేటగాడు.

మన తీరంలో దొరుకుతాయా?

పుదుచ్చేరి పట్టణంలోని కదిర్కామం వాసులకు ఈ సందేహం కలగవచ్చు. పట్టణానికి వాయవ్యంగా ఉన్న వళుదావూర్ పరిసరాల రాళ్లలో అమ్మోనైట్ల వంటి ప్రాచీన సముద్రజీవుల శిలాజాలు లభించిన మాట నిజమే. కానీ ఆ రాళ్ల వయసు దాదాపు 7 కోట్ల ఏళ్లు. సముద్రపు తేళ్లు సుమారు 25 కోట్ల ఏళ్ల క్రితమే, పెర్మియన్ యుగాంతపు మహావినాశనం నాటికి, పూర్తిగా అంతరించాయి. ఆ రాళ్లు ఏర్పడేనాటికి అవి కనుమరుగై 18 కోట్ల ఏళ్లు గడిచిపోయాయి. అందువల్ల వాటి జాడ ఆ పొరల్లో ఉండే అవకాశం లేదు.