దిగులు పట్టినప్పుడు



మా రాత్రి బడికి శ్రీకాళహస్తిలో కలంకారీ పని చేసే ఒక అక్క వస్తుంది. ఒకరోజు కూతురి ఇంగ్లీషు పుస్తకం తెచ్చింది. ఒక మాట మీద వేలు పెట్టింది. "టీచరమ్మా, దీనికి అర్థం ఏంది? పాప అడిగితే చెప్పలేకపోయినా" అనింది.

ఆ మాట 'డిస్ట్రాట్'. రాసేటప్పుడు అందులో జి, హెచ్ అనే అక్షరాలు ఉంటాయి. చదివేటప్పుడు వాటిని పలకరు. ఇది విశేషణం. 'ఎర్ర చీర' అంటాం కదా. చీర ఎట్లాంటిదో 'ఎర్ర' చెబుతుంది. అట్లే మనిషి ఎట్లా ఉందో 'డిస్ట్రాట్' చెబుతుంది. దిగులుతో మనసు చెదిరి, దిక్కు తోచకుండా ఉంది అని అర్థం.

ఈ మాటకు మూలం లాటిన్ భాష. అక్కడ దాని అర్థం వేరే వైపులకు లాగడం. 'డిస్ట్రాక్టెడ్' అనే మాట కూడా అక్కడినుంచే వచ్చింది. చదువుతుంటే టీవీ చప్పుడుకు మనసు పక్కకు పోయిందా? అది డిస్ట్రాక్టెడ్. పెద్ద దిగులు మనసును నాలుగు దిక్కులా పీకుతోందా? అది డిస్ట్రాట్. మామూలు దిగులుకు 'వర్రీడ్' అంటే చాలు.

అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది.

"శివరాత్రి తిరునాళ్లలో నా కొడుకు జనంలో తప్పిపోయినాడు. చొక్కా రంగు ఏందని పోలీసాయన అడిగినాడు. పొద్దున నేనే తొడిగినా. అయినా గుర్తుకు రాలేదు. నా ఫోను నంబరు కూడా నోటికి రాలేదు. బిడ్డ దొరికినాడు. కానీ 'నువ్వేం తల్లివి' అని అందరూ తిట్టినారు. నాకు తెలివి లేదనే ఇన్నాళ్లూ అనుకున్నా."

కాదక్కా! అది తెలివి లేక కాదు. భయం పట్టినప్పుడు తెలిసిన సంగతి కూడా గుర్తుకు రాదు. బాగా చదువుకున్నవాళ్లకూ ఇట్లా జరుగుతుంది.

అందుకే మనసు నిమ్మళంగా ఉన్నప్పుడే రాసి పెట్టుకోవాలి. తిరునాళ్లకు పోయే ముందు బిడ్డ పేరు, మీ ఫోను నంబరు చీటీ మీద రాయండి. బిడ్డ జేబులో పెట్టండి. బిడ్డ తప్పిపోతే 1098కి గానీ, 112కి గానీ ఫోను చేయండి. దిగులు రోజుల తరబడి వదలకుంటే 14416కి ఫోను చేయండి. 2022లో మొదలైన ఈ సాయం ఉచితం. తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆ రాత్రి అక్క తన చేత్తోనే చీటీ రాసింది. రెండుసార్లు చదువుకుని, మడిచి కొంగున కట్టుకుంది. ఇంటికి పోయి పాపకు ఆ మాటకు అర్థం చెప్పింది.

చెప్పండి: మీ మనసు అట్లా చెదిరింది ఎప్పుడు?
రాయండి: మీ బిడ్డ పేరు, మీ ఫోను నంబరు.