శునకముల ఎముక వ్యాధి – పిల్లల వైద్యము

పెంపుడు జంతువుల క్యాన్సర్ చికిత్స మనుష్యులకు ఏ విధముగా ఉపకరించునో తెలిసికొనగోరువారు ఎముక క్యాన్సర్ చరిత్రను పరికింపవలెను. గ్రేట్ డేన్, రాట్‌వీలర్ వంటి భారీ జాతుల కుక్కలకు కాలి ఎముకలలో పుట్టు ఈ వ్యాధికిని, ఎదుగు వయస్సులోని బాలబాలికలకు మోకాలి చెంత పుట్టు వ్యాధికిని సూక్ష్మదర్శినిలో చూచినను భేదము పట్టుట కష్టము. రెంటియందును అది ఎముకను తొలిచి, రక్తమార్గమున ఊపిరితిత్తులకు ప్రాకి, తుదకు ప్రాణములకే ముప్పు తేగలదు. అమెరికాలో ఏటా ఈ వ్యాధి బారినపడు మనుష్యులు ఇంచుమించు వేయిమంది. కుక్కలైతే పదివేలకు పైబడును.

ప్రయోగశాలలోని ఎలుకకు కణితిని మనమే నాటుదుము. తరచుగా దాని రోగనిరోధకశక్తిని ముందే అణచివేయుదుము. కుక్క యట్లు గాదు. మన ఇంటిలో మన గాలి పీల్చుచు, మన నీరు త్రాగుచు పెరిగి, తనంత తానుగా రోగగ్రస్తమగును. దాని దేహము తన సహజశక్తితోనే కణితిని ఎదిరించుచుండును. ఆయువు స్వల్పమగుటచే, మనుష్యులలో ఏండ్ల తరబడి వేచి తెలిసికొనవలసిన ఫలితము దానియందు నెలలలో తేలును. వ్యాధిని ఎవ్వరును కలిగింపక, యజమాని సమ్మతితో, మొదట ఆ ప్రాణికే మేలు కోరి చేయు చికిత్స యిది గనుక, జంతు ప్రయోగముల పేరు విన్నంతనే మనస్సు నొచ్చుకొను నావంటివారు సైతము దీనిని నిండుమనస్సుతో ఆమోదింపవచ్చును. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 2003లో ఈ పరిశోధనకై ప్రత్యేక విభాగమును నెలకొల్పి, పశువైద్య కళాశాలలను ఒక్కత్రాటిపైకి తెచ్చినది.

కాలిని పూర్తిగా తీసివేయుటకు మారుగా, చెడిన భాగమును మాత్రమే తొలగించి దాత ఎముకను అమర్చు శస్త్రచికిత్సను కొలరాడో రాష్ట్ర విశ్వవిద్యాలయ పశువైద్యుడు స్టీఫెన్ విత్రో, ఆయన సహచరులు పెంపుడు కుక్కలయందు తీర్చిదిద్దగా, ఆ అనుభవము పిల్లల కాళ్లను నిలుపు వైద్యులకు తోడ్పడినది. అచ్చటి కుక్కలలోనే ఒక వింత కనబడినది: శస్త్రచికిత్స జరిగిన చోట చీముపట్టినవి, పట్టనివానికంటె ఎక్కువకాలము బ్రతికినవి! సూక్ష్మజీవులపై రేగిన రోగనిరోధకశక్తి క్యాన్సర్ కణములను సైతము వేటాడియుండునని శాస్త్రజ్ఞులు ఊహించిరి.

ఆ ఊహకు ఆధారము అంతకు పూర్వమే కలదు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున గ్రెగరీ మెక్యూవెన్ బృందము, బాక్టీరియా కణకవచములోని అంశమును పోలిన కృత్రిమ పదార్థమును సూక్ష్మమైన క్రొవ్వు గుళికలలో పొదిగి, కాలు తీసివేసిన కుక్కల రక్తములోనికి ఎక్కించినది. 1989లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, ఉత్త గుళికలు పొందిన కుక్కల మధ్యస్థ ఆయువు 77 దినములు. మందు పొందినవానికి 222 దినములు. ఆ మందు పేరు మిఫామ్యూర్టైడ్. పిల్లలకు దీనిని కీమోథెరపీతో కలిపి యిత్తురు. ఆ కీమోథెరపీ మందులలో ఒకటియగు మెథోట్రెక్సేట్, మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నేతృత్వమున రూపొందినదని తెలుగువారు గర్వముతో స్మరింపదగును.

కుక్కలకు పనిచేసిన ప్రతి మందును మనుష్యులకు పనిచేయునని చెప్పరాదు. మిఫామ్యూర్టైడ్‌నే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2007లో ఆమోదింపలేదు. ఐరోపా 2009లో ఆమోదించినది. వ్యాధి పిల్లలలో అరుదగుటచే పరీక్షకు చాలినంతమందిని సమకూర్చుటకే ఏండ్లు గడచినవి. కుక్కలలో నెలలలో తేలిన విషయము ఐరోపా పిల్లలకు మందుగా చేరుటకు ఇరువది సంవత్సరములు పట్టినది.