సాంచెల చప్పుడులో వినబడని దగ్గు

భివండి: రాత్రి పాళి దిగంగనే మొహం కడుక్కోవడం, గొంతులోంచి కళ్లె తీసి ఉమ్మడం, ఆ తర్వాతే చాయ్... పద్మనగర్, కామత్‌ఘర్ గల్లీల్లో పొద్దున్నే కనిపించే తంతు ఇది. అదేంటని అడిగితే ‘దూదిలో పని, దగ్గు రాకుంటే ఎట్ల?’ అని నవ్వేస్తారు. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్లగొండ నుంచి బతుకుదెరువుకు వచ్చి తరాలుగా ఇక్కడ సాంచెలు నడుపుతున్న మన నేత కార్మికులు దగ్గును జబ్బుల లెక్కలో వేయడం లేదు. చిక్కంతా అక్కడే ఉంది. మెట్లెక్కితే దమ్ము వచ్చే దశకు చాలా ఏళ్ల ముందే, కొందరికి ఊపిరితిత్తులు పంపే తొలి కబురు ఈ కళ్లెనే.

శ్వాసనాళాలు క్రమంగా సన్నబడి, పీల్చిన గాలి పూర్తిగా బయటికి రాకుండా లోపలే చిక్కుకుపోయే జబ్బును వైద్యులు సీఓపీడీ అంటారు. ఒకసారి పోయిన ఊపిరి శక్తి తిరిగి రాదు. మన దేశంలో 2016 నాటికి సుమారు 5.5 కోట్ల మందికి ఇది ఉందని అంచనా. ప్రపంచంలో 2021లో 35 లక్షల మందిని పొట్టన పెట్టుకుంది. వేరే కారణమేదీ లేకుండా ఏడాదికి కనీసం మూడు నెలల చొప్పున, వరుసగా రెండేళ్లు దగ్గుతో కళ్లె పడుతుంటే అది దీర్ఘకాలిక బ్రాంకైటిస్. ఈ జబ్బుకు అది ఒక ముఖం. ఈ కొలత ప్రకారం చూసుకుంటే ‘నాకేం లేదు’ అనుకునేవారిలో ఎందరు మిగులుతారో!

గంజి చిక్కబడితే...

కళ్లె చెడ్డది కాదు. శ్వాసనాళాల లోపలి గోడ మీద పల్చటి జిగురు పొర ఎప్పుడూ ఉంటుంది. గాలితో వచ్చిన దుమ్ము, సూక్ష్మక్రిములు దానికి అంటుకుంటాయి. కింద ఉన్న సన్నని నూగు ఆ పొరను ఆగకుండా గొంతు వైపు నెడుతూ ఉంటుంది. మనకు తెలియకుండానే మింగేస్తాం. పడుగుకు పెట్టే గంజి లాంటిదే ఇది. పల్చగా, సమంగా ఉంటే దారానికి బలం. చిక్కబడితే పోగులు ఒకదానికొకటి అంటుకుని సాంచె ఆగిపోతుంది.

ఏళ్ల తరబడి పొగ, దుమ్ము తగిలితే జిగురును తయారుచేసే కణాలు పెరిగిపోతాయి, గ్రంథులు ఉబ్బుతాయి. నూగు కురచబడి రాలిపోతుంది. జిగురులో నీటి పాలు తగ్గుతుంది. మ్యూసిన్ అనే పదార్థమే కళ్లెకు జిగట. తీవ్రమైన సీఓపీడీ ఉన్న పొగతాగేవారి కళ్లెలో దాని గాఢత, ఎన్నడూ పొగతాగని వారితో పోలిస్తే దాదాపు రెట్టింపు ఉన్నట్టు 2017లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం తేల్చింది. నూగు నెట్టలేని బరువును బయటికి తేవడానికి మిగిలిన దారి దగ్గు ఒక్కటే. అందుకే కళ్లె పడే దగ్గును ఇష్టమొచ్చిన సిరప్‌తో అణిచేయడం, చెత్త ఎత్తేవాణ్ని గుమ్మం దగ్గరే ఆపేసినట్టు అవుతుంది.

నేతగాళ్ల దగ్గు కొత్తది కాదు

పత్తి దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బుకు బిసినోసిస్ అని పేరు. దీనికో గుర్తు ఉంది. సెలవు గడిచి మళ్లీ పనిలోకి ఎక్కిన మొదటి రోజు ఛాతీ బిగబట్టినట్టు ఉంటుంది, తర్వాతి రోజుల్లో సర్దుకుంటుంది. ముంబైకి చెందిన డాక్టర్ ఎస్.ఆర్. కామత్ బృందం పత్తి మిల్లుల కార్మికులను ఐదేళ్లు పరిశీలించి, బిసినోసిస్‌ను సీఓపీడీ నుంచి ఎలా వేరు చేయాలో 1981లో ప్రచురించింది. మరుసటి ఏడాది జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో సమ్మె మొదలైంది. మిల్లులు మూతపడుతూ వచ్చాయి. నేత పని భివండి లాంటి చోట్లకు మళ్లింది. దుమ్ము కూడా వెంట వచ్చింది.

పత్తిని ఏకే చోట ఉన్నంత దుమ్ము నేత కార్ఖానాలో ఉండదు, నిజమే. కానీ పన్నెండు గంటల పాళి, మూసిన కిటికీలు, సాంచె మీద పేరుకున్న నూగును గుడ్డతో దులపడం... వీటికి తోడు గంజి పొడి. చింతపిక్కల పొడి కలిపిన గంజి వాడిన నూలుతో నేసినవారికి మూకుమ్మడిగా దగ్గు పట్టుకున్న సంగతి 1957లోనే బ్రిటన్ వైద్య పత్రికకు ఎక్కింది. దానికి వాళ్లు పెట్టిన పేరే ‘నేతగాళ్ల దగ్గు’. ఆ చింతపిక్కలు మన చెట్లవే కావొచ్చు!

ఇక బీడీ. దుమ్ము ఒక పాలు నష్టం చేస్తే బీడీ దానికి వడ్డీ కలుపుతుంది. బీడీ మానేయడంతో జబ్బు ముదరడం నెమ్మదిస్తుంది. ఏ మందుకూ అంత శక్తి లేదు. పాళి అయ్యాక బెల్లం ముక్క తింటే దుమ్ము దిగిపోతుందన్న నమ్మకం ఉంది. ఎలుకల్లో కొంత మేలు కనిపించిందని 1994లో లక్నో శాస్త్రవేత్తలు రాశారు. అంతమాత్రాన మనిషి బెల్లాన్ని నమ్ముకుని కూర్చోలేడు. తిన్నది కడుపులోకి పోతుంది, దుమ్ము ఉన్నది ఊపిరితిత్తుల్లో.

ఊదితే తెలుస్తుంది

రెండు వారాలు దాటిన దగ్గుకు ముందు కళ్లె పరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీబీ పరీక్ష, మందులు ఉచితం. ఇంతవరకు చాలామందికి తెలుసు. టీబీ లేదని తేలగానే ‘ఏం లేదట’ అని మళ్లీ సాంచె ఎక్కుతారు. అసలు ప్రశ్న అక్కడ మొదలవ్వాలి. స్పైరోమెట్రీ అనే పరీక్షలో గొట్టంలోకి గట్టిగా ఊదిస్తారు. మందు పీల్చిన తర్వాత కూడా, మొత్తం ఊదిన గాలిలో మొదటి సెకనులో వచ్చింది 70 శాతం కన్నా తక్కువుంటే శ్వాసనాళాల్లో అడ్డు ఉన్నట్టే. పరేల్‌లోని కె.ఇ.ఎం., బైకులాలోని జె.జె. ఆసుపత్రుల ఛాతీ విభాగాలకు వెళ్లవచ్చు. ఒక పాళి కూలి పోతుందన్న భయమే చాలామందిని లోకల్ రైలు ఎక్కనివ్వడం లేదు.

జబ్బు తేలితే పంపు మందు రాస్తారు. ‘పంపు అలవాటైతే మానలేం’ అన్నది వట్టి పుకారు. మందు నేరుగా నాళాల్లోకి, తక్కువ మోతాదులో చేరుతుంది. కళ్లె తీయడానికీ ఒక పద్ధతి ఉంది. నిటారుగా కూర్చుని, మామూలుకన్నా కొంచెం ఎక్కువ గాలి పీల్చి, నోరు తెరిచి అద్దం మీద ఆవిరి పట్టించినట్టు ‘హా’ అని వదలాలి. రెండు మూడు సార్లు అలా చేశాక ఒకసారి దగ్గితే చాలు. పేగులు తెగేలా దగ్గనక్కర్లేదు. తెల్లటి కళ్లె పచ్చగా మారినా, ఎక్కువైనా, ఆయాసం పెరిగినా డాక్టరును కలవాలి. నెత్తురు పడితే మాత్రం ఆ పూటే వెళ్లాలి. ముక్కుకు కట్టుకునే రుమాలు పెద్ద నూగును ఆపుతుంది గానీ కంటికి కనిపించని దుమ్మును ఆపదు. దానికి ఎన్95 మాస్కు కావాలి. ఉక్కపోతలో పన్నెండు గంటలు అది పెట్టుకోమనడం చెప్పినంత తేలిక కాదు. దులపడం మాని తడిగుడ్డతో తుడవడం, గాలి బయటికి పోయే పంకా పెట్టించడం సేఠ్‌లు చేయగల పని.

కాగితం లేని జబ్బు

పత్తి దుమ్ము జబ్బును పరిహారం దక్కే వృత్తి వ్యాధుల్లో చట్టం ఎప్పుడో చేర్చింది. 1923 నాటి పరిహార చట్టం, 1948 నాటి ఈఎస్‌ఐ చట్టం రెండింటి మూడో షెడ్యూళ్లలోనూ దాన్ని చేర్చారు. కానీ నాలుగు సాంచెలు ఒక పేరున, నాలుగు ఇంకో పేరున నడిచే కార్ఖానాల్లో హాజరు పుస్తకమే ఉండదు. మీటరు లెక్కన పగార్ తీసుకుని, ఒక సేఠ్ దగ్గర్నుంచి ఇంకో సేఠ్ దగ్గరికి మారుతూ ఇరవై ఏళ్లు గడిపిన మనిషి, దమ్ముతో ఊరికి తిరిగి వెళ్లాక ఫలానా చోట పనిచేశానని చూపించేందుకు చేతిలో ఏమీ ఉండదు. సిరిసిల్ల డాక్టరుకు అతనొక బీడీ తాగే ముసలాయన మాత్రమే.

అందుకే డాక్టరు దగ్గర ‘దగ్గు’ అని ఊరుకోకుండా ఏ పని, ఎన్నేళ్లు, పాళి ఎన్ని గంటలు అన్నది చెప్పి చీటీలో రాయించుకోవాలి. ఎక్స్‌రే, ఊదిన పరీక్ష రిపోర్టు, పగార్ చిట్టీలు ఏవి దొరికినా పారేయకుండా రేషన్ కార్డు ఉన్న సంచిలోనే పెట్టుకోవాలి.