కొండతో పందెం వద్దు



మా మొగుడంపల్లి యువకులు నలుగురు వానాకాలంలో సైకిళ్లమీద వికారాబాదు దగ్గరి అనంతగిరికి వెళ్తామన్నారు. "వానొస్తే తిరిగి రండి" అన్నాడు ఒక తండ్రి. "మధ్యలో తిరిగొస్తే ఊళ్లో నవ్వుతారు" అన్నాడు కొడుకు. ఆ మాట నన్ను భయపెట్టింది. వారికి థామస్ స్టీవెన్స్ సంగతి చెప్పాను.

ముందుచక్రం చాలా పెద్దదైన సైకిలుపై ఆయన 1884 ఏప్రిల్‌లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరాడు. సియెర్రా నెవాడా కొండల్లో మంచు అడ్డగించగా, రైలుపట్టాలపై కట్టిన కప్పుల క్రింద సైకిలు నడిపించుకొంటూ దాటాడు. 1885 చలికాలమంతా ఇరాన్‌లోని టెహ్రానులో ఆగి, వసంతం వచ్చాకే కదిలాడు. 1886లో లాహోరునుండి కలకత్తా వరకు తొక్కాడు. ఆ డిసెంబరులో జపానులోని యొకొహామా చేరి లోకయాత్ర ముగించాడు. ఆగినందుకు ఆయనను ఎవరూ తక్కువ చేయలేదు.

పిల్లలకు నాలుగు మాటలు చెప్పాను. తెల్లవారుజామునే బయలుదేరండి. పొడిబట్టలు ప్లాస్టిక్ సంచిలో కట్టుకోండి. తడిసిన చక్రాన్ని బ్రేకు సరిగా పట్టదు గనుక దిగుడులో మొదటినుండే నెమ్మదిగా రండి; ఏటవాలు ఎక్కువైతే దిగి నడవండి. ఉరుము వినబడితే చెట్టుక్రిందికి కాదు, పక్కా ఇంట్లోకి వెళ్లండి.

వికారాబాదు చేరేసరికి కుండపోత. రాత్రి అక్కడే ఉండి, కొండ ఎక్కకుండానే తిరిగివచ్చారు. ఎవరూ నవ్వలేదు. ఆ తండ్రి వీధిలో నిలబడి నాలుగు సైకిళ్లూ లెక్కపెట్టుకొన్నాడు.

చలికాలంలో మళ్లీ వెళ్లి అనంతగిరి చూచివచ్చారు. తలిదండ్రులారా, పిల్లలకు బయలుదేరే ధైర్యంతోపాటు ఆగే ధైర్యం కూడా నేర్పండి.