సహజీవనం ముగిసినప్పుడు ఉమ్మడి ఇల్లు: అపోహలు – వాస్తవాలు

కొన్నేళ్లు కలిసి కాపురం చేస్తే పెళ్లయినట్టేనని, విడిపోతే ఇంట్లో సగం దానంతటదే దఖలు పడుతుందని సహజీవనం చేసే జంటలలో ఒక నమ్మకం ఉంది. దీన్ని నమ్మి చెల్లింపుల ఆధారాలైనా దాచుకోనివారు, తీరా వ్యవహారం కోర్టుకెక్కాక తాము పెట్టిన సొమ్మును సైతం రుజువు చేసుకోలేక నష్టపోతున్నారు.

ఇన్నేళ్ల సహజీవనానికి ఇంత వాటా అని చెప్పే చట్టమేదీ భారతదేశంలో లేదు. దంపతుల ఆస్తి నియమాలు వేరుగా ఉన్న గోవా సంగతి పక్కన పెడితే, పెళ్లయిన దంపతులకే ఒకరి పేరిట ఉన్న ఆస్తిలో మరొకరికి పెళ్లి కారణంగా సగం రాదు. మూడు ముళ్లతో దక్కనిది కేలెండర్లు మారినంత మాత్రాన దక్కుతుందనుకోవడం విడ్డూరం. గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే 2005 నాటి చట్టం 'వివాహాన్ని పోలిన సంబంధం'లో ఉన్న స్త్రీకి ఉమ్మడి నివాసంలో ఉండే హక్కు ఇస్తుంది గాని, నివాస హక్కు వేరు, యాజమాన్యం వేరు. పైగా ప్రతి సహజీవనమూ ఆ కోవలోకి రాదని వేలుసామి కేసులో సుప్రీంకోర్టు 2010లోనే తేల్చింది.

ఇంటి దస్తావేజులో ఇద్దరి పేర్లుంటే చెరిసగం అన్న మాటలో మాత్రం కొంత నిజముందని ఒప్పుకోక తప్పదు. వేరే ఒప్పందం లేనప్పుడు, ఎవరి సొమ్ము ఎంతో ఆ నిష్పత్తిలోనే వాటాలుంటాయని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 45వ సెక్షన్ చెబుతుంది. ఉదాహరణకు, రూ.80 లక్షల ఫ్లాటుకు ఒకరు 50, మరొకరు 30 లక్షలు పెడితే వాటాలు 5:3 అవుతాయి. ఆధారాలు లేకపోతేనే సమాన వాటాలుగా భావిస్తారు.

ఇల్లు విడిచి వెళ్లినంత మాత్రాన వాటా పోదు. అలాగే, కేవలం నోటరీ చేయించిన కాగితంతో వాటా చేతులు మారదు.

గోడ కట్టి పంచలేని ఫ్లాటు విషయంలో, సగం లేదా అంతకు మించిన వాటాదారు కోరితే 1893 నాటి విభజన చట్టం కింద కోర్టు అమ్మకానికి ఆదేశించవచ్చు. అప్పుడు రెండోవారు కోర్టు కట్టిన విలువకు ఆ వాటాను కొనుక్కునే అవకాశం అడగవచ్చు. అంతదాకా పోకుండా ఒకరు మరొకరి వాటాను కొనుక్కోదలిస్తే, హక్కు విడుదల దస్తావేజును, అంటే వాటా వదులుకుంటున్నట్టు రాసే పత్రాన్ని, రిజిస్టర్ చేయించాలి. అయితే ఇంటి రుణం ఇద్దరి పేరిటా ఉంటే, వాటా వదులుకున్నవారి పేరు బ్యాంకు రుణపత్రాల్లో మిగిలే ఉంటుంది. ఎదుటివారు వాయిదా ఎగ్గొడితే బ్యాంకు వాటా వదులుకున్నవారినీ అడుగుతుంది గనుక, రుణం నుంచి తప్పించినట్టు బ్యాంకు లిఖితపూర్వకంగా ఇచ్చాకే ఆ దస్తావేజుపై సంతకం చేయడం మేలు.