పత్తికాయలోని గులాబిరంగు పురుగు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే దారిలో నల్లరేగడి చేలు కనిపిస్తాయి. ఆ నేలకు పత్తి పాత చుట్టం. 'నరసింహ' అనే పేరుపొందిన పత్తి రకం నంద్యాల పరిశోధనా స్థానంలోనే రూపొందినది. అటువంటి చేలో, పైకి నిండుగా ఉన్న పచ్చికాయ నొకదానిని కోసి చూడండి. ఒక్కొక్కసారి గింజలు గుల్లబారి, దూదికి రంగు పట్టి, మధ్య ఒక గులాబిరంగు పురుగు ఉంటుంది. కాని కాయపైన రంధ్రం కనబడదు. అది లోనికి ఎట్లా పోయింది?

ఈ పురుగు తల్లి సెంటీమీటరుకు మించని, గోధుమవన్నె గల ఒక రెక్కల పురుగు. దీని శాస్త్రనామం పెక్టినోఫొరా గాసిపియెల్లా. గుజరాతులోని భరూచ్ నుంచి పంపిన నమూనాలను చూసి 1840 దశకంలో శాండర్స్ అనే శాస్త్రజ్ఞుడు దీనిని వర్ణించాడు. ఇది రాత్రివేళ మొగ్గలపైన, లేతకాయల మొదళ్ల వద్ద గ్రుడ్లు పెడుతుంది. నాలుగైదు రోజులలో పొదిగి వచ్చిన పిల్లపురుగు దారమంత సన్నగా, తెల్లగా ఉంటుంది. అది వెంటనే కాయను తొలుచుకొని పోతుంది. కాయ పెరిగేకొద్దీ ఆ సన్నని రంధ్రం పూడిపోతుంది. మొగ్గలో చేరితే పూరేకులను దారంతో అల్లివేస్తుంది. అట్టి పువ్వు విచ్చుకోదు. రైతులు వీటిని గుడ్డిపూలు అంటారు.

తలుపు మూసుకున్న దొంగను బయటినుంచి కొట్టలేము. చల్లిన మందు కాయలోనికి పోదు. అందుచేత మందును మొక్కలోనే పుట్టించే బీటీ పత్తిని 2002లో మనదేశంలో అనుమతించారు. 2006లో రెండు జన్యువుల రకం వచ్చింది. కొన్నేండ్లు పురుగు తగ్గింది. కాని గుజరాతులో అది మొదటి రకానికి లొంగడం లేదని 2010లో వెల్లడైంది. తరువాత రెండవ రకానికీ అదే గతి పట్టింది.

ఇందుకొక కారణం మెండెల్ సూత్రంలోనే ఉన్నది. మనవి సంకర విత్తనాలు. సాధారణంగా తల్లిదండ్రులలో ఒకదానికే ఆ జన్యువు ఉంటుంది. కనుక ఒకే కాయలోని గింజలలో, ఒక జన్యువును లెక్కకు తీసుకుంటే, సుమారు మూడువంతులకు అది ఉంటుంది, ఒకవంతుకు ఉండదు. విషం అంతంతమాత్రంగా తగిలిన పురుగులలో తట్టుకోగలిగినవి బ్రతికి, తమ సంతతికి ఆ శక్తినిస్తాయి. పైగా ఈ పురుగుకు పత్తే ముఖ్యాహారం. బీటీ లేని పత్తి చుట్టుపక్కల లేకపోతే, తట్టుకోలేని పురుగులు మిగలవు.

అయితే దీని జీవితంలో రెండు బలహీన ఘట్టాలున్నవి. ఒకటి, మగపురుగు ఆడదానిని వాసనబట్టి వెదకుతుంది. ఆ వాసన పదార్థాన్ని 1973లో గుర్తించారు. దానిని ఉంచిన లింగాకర్షక బుట్టలో వరుసగా మూడు రోజులు రోజుకు 8 మగపురుగులు పడితే, చర్య తీసుకోవలసిన వేళ అయిందన్నమాట. రెండవది, పైరు చివర పురుగు రెండు గింజలను కలిపి కుట్టుకొని, వాటి నడుమ మరుసటి పంట దాకా నిద్రిస్తుంది. పైరును నెలల తరబడి పొడిగించక, డిసెంబరునాటికి ముగించి, కట్టెను, విచ్చుకోని కాయలను తొలగిస్తే ఆ నిద్రాస్థానమే పోతుంది. బీటీ పత్తితోపాటు వంధ్యపురుగులను విడవడం, వాసన పదార్థాలు, కట్టెను దున్నివేయడం కలిపి పాటించి, అమెరికా 2018లో ఈ పురుగు నిర్మూలమైనదని ప్రకటించింది.

ఉపాధ్యాయులు ఒక పత్తికాయను తరగతికి తెచ్చి విద్యార్థులచేత కోయించగలరు. అందులో జంటగా అతుకుకొన్న గింజలు కనబడితే, విప్పి చూడనివ్వండి. మరుసటి ఏటి పైరుకు రానున్న నష్టం ఆ రెండు గింజల నడుమనే పడుకొని ఉన్నది.